తెల్ల నాడా దారి

కంది కట్టె ఇంకో రెండు ఎగదోయ్‌రా అబ్బోడా, చలి ఎముకల్లోకి దిగుతాండాది. పాపా, ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా జరుగు. రేపు డిసెంబరు 16. పొద్దున్నే చేలూరు మీద పోయే చింతామణి బస్సు నేను పట్టుకోవల్ల. ఈ ఏడు మన మాజీ సైనికుల మీటింగు ఆడ పెట్టినారు. ఒక ఏడు చిక్కబళ్ళాపురం, ఒక ఏడు మన బాగేపల్లి, ఒక ఏడు చింతామణి, ఇట్లా తిప్పుకుంటా వస్తాండాము.

ఆడ ఏం చేస్తారు అంటావా? జెండా ఎత్తుతారు. పటానికి పూలమాల వేస్తారు. బూట్లు పాలీషు కొట్టుకోని, మెడల్సు కోటుకి తగిలించుకోని ముసలోళ్ళంతా వరసగా నిలబడతాము. రెండు నిమిషాలు మౌనం. సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే ఎవరికో ఒకరికి దగ్గు వస్తుంది. స్కూలు పిల్లోళ్ళు పాట పాడతారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడోళ్ళకి శాలువా కప్పుతారు. అయినంక ఉపన్యాసాలు, ఆయినంక అన్నం. ఇది అనపకాయ కాలం గదా, పితికిపప్పు పులుసు లేకుండా మా మీటింగు జరగదు. నిజం చెప్పల్లంటే సగం మంది దానికే వస్తారు. ఆ సగంలో నేనూ ఉండా.

బ్యానరు మీద ‘విజయ దివస’ అని కన్నడంలో పెద్దగా రాస్తారు, కింద 1971 అని వేస్తారు. ఢాకాలో 93,000 మంది పాకిస్తానోళ్ళు లొంగిపోయిన దినం అది. దేశమంతా దాన్నే చేస్తుంది. మాకు మాత్రం ఆ దినం ఢాకా కాదు, బసంతర్. అదొక ఏరు. జమ్మూ కొండల పక్కనుంచి దిగి, సాంబా దగ్గర మన దేశం దాటి, షకర్‌గఢ్ సీమలోకి పోతుంది. మన చిత్రావతి మాదిరి ఇసకే ఎక్కువ, నీళ్ళు తక్కువ.

‘తాతా, నువ్వు ఎంతమంది శత్రువులను చూస్తివి’ అని పోయిన ఏడు ఒక స్కూలు పిల్లోడు నన్ను అడిగె. తుపాకి పట్టుకోని ఎదురుగా నిలబడినోణ్ణి యుద్ధం జరిగినన్ని దినాల్లో ఒక్కణ్ణి కూడా చూడలేదప్పా అంటిని. వాడికి నా మీద ఉన్న మర్యాదంతా అప్పుడే పాయె. మొగం చూస్తే తెలిసిపాయె. నేనేం చెయ్యల్ల? నేను చూసింది జేనెడు మన్ను. అది అయినంక ఇంకో జేనెడు మన్ను. ఆ కథే చెప్తాండా, వినండి.

నేను పటాలానికి పోయింది దేశభక్తి పొంగి కాదు, ఉన్నమాట. వానలు లేక చెనిక్కాయ చేను ఎండిపాయె, బావి అడుగంటె, మా నాయన షావుకారుకి బాకీ పడె. బెంగుళూరులో మిలిటరీకి ఆళ్ళను తీసుకుంటాండారని ఊర్లో ఎవరో చెప్పిరి. చిక్కబళ్ళాపురం దాకా బస్సు. ఆడ చిన్న రైలు ఎక్కితిమి. మహారాజుల కాలంలో వేసింది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. నంది, దేవనహళ్ళి, యలహంక దాటి యశవంతపురం చేరేలోగా ఎగుడు వచ్చినచోట దిగి పక్కన నడుచుకుంటా పోవచ్చు, అంత నిదానం. ఇప్పుడు పెద్ద పట్టాలు వేసినారు, ఆ తమాషా పాయె.

ఆడినుంచి హలసూరు చెరువు. దాని గట్టుననే మద్రాసు ఇంజనీరు గ్రూపు, మద్రాసు సాపర్లు అంటారు. భర్తీ చేసుకునే హవల్దారు నా చదువు అడగలేదు. రెండు చేతులూ తిప్పి చూసె. పార పట్టి కాయలు కాసిన చేతులు. సరే పో, బట్టలు విప్పి డాక్టరు ముందర నిలబడు అనె.

ఆ పటాలం 1780లో మద్రాసులో రెండు కంపెనీలుగా మొదలైంది. వాళ్ళకి తుపాకి ఎంత ముఖ్యమో పారా అంత ముఖ్యం. దండు పోయేదానికి దారి వెయ్యల్ల, వంతెన కట్టల్ల, శత్రువు దారిని పగలగొట్టల్ల. బెయిలీ వంతెన పలక ఒక్కోటి 260 కిలోల దాకా ఉంటుంది, ఆరుమంది కలిసి ఎత్తల్ల. ఒకడు చెయ్యి జార్చినాడంటే మిగతా ఐదుగురి కాళ్ళు దాని కిందనే. తెలుగోడైనా, కన్నడమోడైనా, మలయాళమోడైనా సరే, సైన్యంలో అందరికీ మేము ‘తంబి’లమే. తమిళం ఒక్క ముక్క రాని నన్ను కూడా పంజాబు వాళ్ళు తంబీ తంబీ అని పిలిచి పిలిచి, కడాకి ఊర్లో ఎవరైనా తమ్ముడూ అంటే నేను పలకని స్థితి వచ్చె.

సెంటర్లో ఉస్తాదులు పాత కథలు చెప్తారు. ఒక కథ మన నంది కొండది. ఆదివారం మోటారు సైకిళ్ళు వేసుకోని పోయి మబ్బుల్లో ఫోటోలు దిగుతారే, అదే కొండ. 1791లో అది టిప్పు కోట. కార్న్‌వాలిస్ దండు వచ్చి మూడు వారాలు ముట్టడి పెట్టె. ఫిరంగులు ఎక్కించేదానికి కొండ పక్కన దారి కొట్టుకుంటా పోయిరి, పైనున్నోళ్ళు బండలు దొర్లించిరి. అక్టోబరు 19న కోట పడె. కార్న్‌వాలిస్ దండులో మద్రాసు పయనీర్లు ఉండిరి, అంటే మా పటాలం తాతలు. కొండ మీద ఉండింది మన సీమ తాతలు. మరి నేను ఎవరి పక్క సార్ అని ఉస్తాదుని అడిగితిని. గ్రౌండు చుట్టూ పరిగెత్తించె, నాలుక బయటికి వచ్చేదాకా. జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆ యుద్ధానికి గుర్తుగా ‘నంది దుర్గం’ అనే పేరు డబ్లిన్ పటాలం జెండా మీద ఉండె. ఐర్లాండు యాడ, మన నంది యాడ! 1922లో ఆ పటాలాన్నే రద్దు చేసిరి.

ఇంకో కథ గొట్టం కథ. 1912లో మెక్లింటాక్ అనే కెప్టెను బెంగుళూరులోనే, మా సాపర్ల మధ్యనే, దాన్ని చేసినాడు. ఇనప గొట్టంలో పేలుడు మందు కూరి, గొట్టానికి గొట్టం తగిలించి ముళ్ళ తీగ కిందికి తోసి పేలిస్తే దారి ఏర్పడుతుంది. దాని పేరే బెంగళూరు టార్పెడో. 1944లో ఫ్రాన్సు తీరంలో దిగిన అమెరికా సిపాయిలు కూడా అదే గొట్టం పట్టుకోని పోయిరి. మీ ఐటీ కంపెనీలు రాకముందే బెంగుళూరు పేరు ఇంగ్లీషు, అమెరికా దండుల్లో అందరికీ నోటికి వచ్చింది ఆ గొట్టం వల్లనే. నవ్వండి, నవ్వండి.

మూడోది సుబేదార్ సుబ్రమణ్యం కథ. మా పటాలమే. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో, మిన్యానో అనేచోట మైన్లు తీస్తాండిరి. ఒకటి కదిలె. పేలేదానికి క్షణాలే ఉంటాయి. పక్కనున్నోళ్ళను కాపాడేదానికి ఆయన దాని మీద పడె. జార్జి క్రాస్ ఇచ్చిరి, ఆయన లేడు తీసుకునేదానికి. ఈ కథ చెప్పేటప్పుడు ఉస్తాదు గొంతు పెంచడు, తగ్గించడు, బిల్లు చదివినట్టు చదివేస్తాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

1971లో మేము సికింద్రాబాదు డివిజనులో ఉంటిమి, 54వ డివిజను. జనరల్ పింటో సాబ్ దానికి పెద్ద. మాది 9వ ఇంజనీరు రెజిమెంటు, కర్నల్ బి.టి. పండిట్ సాబ్ కమాండరు. సికింద్రాబాదులో ఉన్నన్ని దినాలు నాకు ఊర్లో ఉన్నట్టే ఉండె, బజార్లో తెలుగు, హోటల్లో తెలుగు. రైలెక్కించి ఉత్తరానికి తోలిరి. ఒక్కొక్క స్టేషను దాటేకొద్దీ మాట మారె, రొట్టె లావయ్యె, చలి ఎక్కువయ్యె. పంజాబులో స్టేషన్లలో ఆడోళ్ళు వచ్చి కిటికీల్లోంచి రొట్టెలు, ఊరగాయ, బెల్లం అందించిరి. అడగకుండానే. మన పక్క వాళ్ళకు యుద్ధమంటే రేడియో, వాళ్ళకు ఇంటి వెనక చేను.

డిసెంబరు 3 సందకాడ పాకిస్తాను విమానాలు మన ఏరోడ్రోముల మీద బాంబులు వేసె. 5వ తేదీ రాత్రి మా డివిజను సరిహద్దు దాటె. దాటిన మొదటి గంట నుంచి మాకు పనే పని. షకర్‌గఢ్ సీమ అంతా పాకిస్తాను వాళ్ళు మందుపాతరలు పొరలు పొరలుగా పరిచినారు. గోధుమ చేన్లలో, చెరుకు తోటల్లో, ఏటి ఒడ్డున, బాట మీద. ఒక పొర దాటితే ఊరొకటి, ఊరు దాటితే ఇంకో పొర.

మైన్లు రెండు రకాలు. పెద్దది ట్యాంకుకి. మనిషి బరువుకి అది పేలదు. చిన్నది మనిషికి. పెద్దవాటిని ఎవరూ వచ్చి తియ్యకుండా చుట్టూ చిన్నవి పెడతారు, కాపలాగా. ముందర ఒక ట్యాంకుకి ఇనప చక్రాలు తగిలించి దొర్లించుకుంటా పోతారు, దాన్ని ట్రాల్ అంటారు. అది కొన్నింటిని పేల్చుకుంటా పోతుంది. అది వదిలేసినవి ఏరేది మేము. మైను ఉంటే కూ అనే మిషను ఉండె గానీ, ఇనుము లేని మైనుకి అది నోరు తెరవదు. గుండు పెంకు కనబడితే మాత్రం అరుస్తుంది. యుద్ధం జరిగే నేలలో పెంకు లేని చోటు యాడుంటుంది?

కాబట్టి కడాకి మిగిలేది చెయ్యి. బోర్లా పండుకోవల్ల. చేతిలో ఇనప పుల్ల, ప్రాడర్ అంటారు. నిలువుగా గుచ్చినావంటే మైను నెత్తిన తగులుతుంది, అంతే, ఇంగ నీ కథ లేదు. ఏటవాలుగా గుచ్చల్ల, దాని పక్కటెముక తగలల్ల. చెనిక్కాయ పీకినంక చేన్లో మిగిలిన కాయలకు మీరు పరిగె ఏరతారు గదా, పుల్లతో మన్ను కదిలించి, గట్టిగా తగిలితే కాయ అని కనుక్కుంటారు గదా, అదే చెయ్యి. నేను చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విద్య అదొక్కటే, దాన్నే ఆడ వాడుకుంటిని. తగిలినంక వేళ్ళతో మన్ను తియ్యల్ల. డిసెంబరు రాత్రి జమ్మూ పక్క ఎంత చలో తెలుసునా? వేళ్ళు మొద్దుబారిపోతాయి. మొద్దుబారిన వేళ్ళకి మైను ఏదో రాయి ఏదో తెలియదు. చంకలో పెట్టుకోని వేడి చేసుకోవల్ల, మల్లా గుచ్చల్ల.

ఏరిన మేర రెండు పక్కలా తెల్ల నాడా పరుస్తాము. మంచానికి అల్లే నాడా మాదిరిదే, అదే వెడల్పు. ఆ రెండు నాడాల మధ్యనుంచే సిపాయి నడవల్ల, ట్యాంకు పోవల్ల, దెబ్బ తగిలినోణ్ణి మోసుకోని రావల్ల. నాడా దాటి ఒక అడుగు పక్కన పెడితే మా పూచీ లేదు.

మా మేజర్ వి.ఆర్. చౌదరి సాబ్, విజయ్ రతన్ ఆయన పేరు. మొదటి రాత్రి నుంచి ప్రతి మైను పొలంలోనూ ముందర ఆయనే. అంత పెద్ద ఆఫీసరు వెనక జీపులో కూచోని ఆర్డరు వేస్తే అడిగేవాడు లేడు. ఆయన కూచోలేదు.

డిసెంబరు 15 రాత్రి బసంతర్. ముందర పదాతి దళం పోవల్ల. 16 మద్రాసు పటాలం సరాజ్ చక్ అనే ఊరి మీదికి, 3 గ్రెనేడియర్లు జర్‌పాల్ మీదికి. 16 మద్రాసులో మన దక్షిణాది పిల్లోళ్ళు. దారి తెరిచేదాకా వాళ్ళు ఆగలేదు, ఆగేదానికి లేదు. ఇసకలో, బురదలో, సర్కండా అని మనిషి ఎత్తు గడ్డి, దాంట్లో దూరి మైన్ల మీదుగానే అవతలి గట్టుకి పోయిరి. పొయ్యి ఆ ఊర్లు పట్టుకోనిరి. పట్టుకున్నంత మాత్రాన అయిపోలేదు. తెల్లారేలోగా మన ట్యాంకులు దాటకపోతే వాళ్ళ ట్యాంకులు వచ్చి ఈ పిల్లోళ్ళను తొక్కేస్తాయి. ట్యాంకు దాటల్లంటే దారి కావల్ల. ఆ దారి మా చేతుల్లో.

ఆ రాత్రి గురించి నన్ను ఎవరడిగినా పెద్దగా చెప్పలేను. ఫిరంగి గుండ్లు పడతానే ఉండె. గుండు పడే ముందర ఒక ఈల వస్తుంది, ఆ ఈల విని తల మన్నులో దూర్చల్ల, మల్లా ఎత్తి పుల్ల గుచ్చల్ల. నా కుడి పక్కనున్నోడు చింతామణి తాలూకా ఆయప్ప. మేమిద్దరం తెలుగులో లెక్క పెట్టుకుంటిమి. మైను తగిలినప్పుడంతా ఒక అంకె. ఒక అంకె దాటినంక నేను లెక్క మరిస్తిని, ఆయప్ప మరవలేదు. ఆయనకు లెక్కలు బాగా వస్తాయి, అందుకే ఇప్పుడు టమోటా మార్కెట్లో దళారీలు ఆయన్ను మోసం చెయ్యలేరు.

సగం దారి ఏరినామో లేదో అవతలి గట్టు నుంచి రేడియోలో కబురు వచ్చె, ట్యాంకుల సద్దు వినబడతాండాదని. ఈ పక్క పూనా హార్స్ ట్యాంకులు సిద్ధంగా నిలబడి ఉండె. ఇంగ ఆగితే అవతలున్న వాళ్ళు మిగలరు. ఏరని నేల మీదనే దాటతామనిరి. దాటిరి. నేను నాడా చుట్ట పట్టుకోని పక్కకి పొర్లితిని, ట్యాంకు చైను నా పక్కనుంచి పాయె. ఆ వేడిగాలి మొగానికి తగిలె. నిజం చెప్తాండా, మైను పేలుతుందేమో అనే భయం కంటే ముందర ఆ వేడి హాయిగా అనిపించె. ఆ ట్యాంకుల్లో ఒకదాంట్లో అరుణ్ ఖేతర్‌పాల్ ఉండినాడని తరువాత తెలిసె. 21 ఏండ్ల పిల్లోడు.

16వ తేదీ పొద్దున్నుంచి ట్యాంకుల యుద్ధం. పుస్తకాల్లో, టీవీలో చెప్పేదంతా ఆ పొద్దు సంగతే. ఖేతర్‌పాల్ ట్యాంకుకి మంటలు అంటుకున్నా దిగకుండా కొట్టి కొట్టి ప్రాణం ఇడిచె. గ్రెనేడియర్ల మేజర్ హోషియార్ సింగ్ దెబ్బలు తగిలి కూడా ఒక కందకం నుంచి ఇంకో కందకానికి తిరుగుతా తన వాళ్ళను నిలబెట్టె. ఇద్దరికీ పరమవీర చక్ర. 16 మద్రాసు కర్నల్ వి.పి. ఘాయ్ పాయె, మహావీర చక్ర. మా చౌదరి సాబ్ పాయె, ఆయనకూ మహావీర చక్ర. పండిట్ సాబ్‌కి వీర చక్ర. పాకిస్తాను ట్యాంకులు నలభైకి పైగా పోయినాయని మన సైన్యం లెక్క. నేను దాంట్లో ఒక్కటి కూడా కాలేటప్పుడు చూడలేదు. పొగ చూస్తిని, సద్దు వింటిని. మేము వెనక ఇంకా ఏరతానే ఉంటిమి, ఎందుకంటే దారి ఒకటి చాలదు, దెబ్బ తగిలినోళ్ళు వెనక్కి రావల్ల, పెట్రోలు ముందుకు పోవల్ల.

17వ తేదీ రాత్రి 8 గంటలకు కాల్పులు ఆపిరి. ఎవరో కేక వేస్తారు, ఎగురుతారు అనుకుంటిని. అందరూ పండుకోని నిద్ర పోయిరి.

ఇంట్లో వాళ్ళకు నా సంగతి తెలిసింది ఎప్పుడో కొత్త సంవత్సరం వచ్చినంక. నేను బడిలో చదివింది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కాబట్టి తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లో రాసి పంపిస్తిని. మన తాలూకాల్లో అందరం అట్లనే రాస్తాము గదా. మా సెన్సారు ఆఫీసరు ఆ కార్డు చూసి చూసి, ఇది ఏ భాష తంబీ అనె. తెలుగు సాబ్ అంటిని. తెలుగు తెలిసిన క్లార్కుని పిలిపించె, వాడు చదవలేకపాయె. కన్నడం తెలిసినోణ్ణి పిలిపించె, వాడు చదివె గానీ అర్థం కాలేదనె. కడాకి ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి ఒకడు చదివితే ఒకడు అర్థం చెప్పె. ‘క్షేమంగా ఉండా, చెనిక్కాయ ఎంతకు అమ్మితిరి’ అనే రెండు మాటలకు అంత కథ! ఆ కార్డు చేరినంక మా అమ్మ కైవారం తాతయ్య మఠానికి నడుచుకుంటా పోయి మొక్కు తీర్చుకోనె. ఇంటి నుంచి కైవారం ఎంత దూరమో మీకు తెలుసు.

ఇంగ అసలు సంగతికి వస్తా. బ్యానరు మీద 1971 డిసెంబరు 16 అని వేస్తారు గదా. పదాతికి, ట్యాంకు వాళ్ళకి అది సరైన తేదీనే. సాపర్లకు ఆ తేదీ సగం తేదీ.

యుద్ధం ఆగినంక మైన్లు ఎవరు తియ్యల్ల? అవతలి వాళ్ళు వేసినవి ఉండె, మనం వేసినవీ ఉండె. మన సరిహద్దు పొడుగునా మన చేన్లలో మనమే వేసుకోనింటిమి, వాళ్ళు రాకుండా. ఆ చేన్లు రైతులవి. ఊర్లు ఇడిచి పోయినోళ్ళు తిరిగి వస్తాండిరి. గోధుమ కోత ఉండె, మల్లా దున్నేది ఉండె. 1972 జులైలో సిమ్లాలో ఒప్పందం అయ్యె, పట్టుకున్న భూమి తిరిగి ఇచ్చెయ్యల్ల అనిరి. ఇచ్చేటప్పటికి ఆ ఏడు డిసెంబరే వచ్చె. ఆ ఏడాదంతా మా పని ఏరేదే. పేపర్లలో యుద్ధం గెలిచిన కథలు, మాకు మల్లా అదే పుల్ల, అదే నాడా, అదే జేనెడు మన్ను.

మనం వేసిన మైన్లకు పటం ఉంటుంది, ఏ వరసలో ఎన్ని, ఎంత దూరంలో అని. పటం పట్టుకోని పోతే సులభమే అనుకుంటారు. వాన పడితే మైనుకి పటం తెలియదు. ఏటికి వెల్లువ వస్తే ఇసకతో పాటు అదీ కదిలిపోతుంది. ఒకచోట వేసింది ఇంకోచోట తేలుతుంది, లేదంటే ఇంకా లోతుకి పూడిపోతుంది. రాత్రి, గుండ్లు పడతా ఉండగా తీసినప్పుడు పోని ప్రాణాలు, పగటిపూట, పక్షులు కూస్తా ఉండగా పాయె.

చింతామణి ఆయప్ప కాలు పాయింది అప్పుడే. యుద్ధంలో కాదు. సాంబా పక్కన, మన నేలలో, మనం వేసిన మైనుకి. పొద్దున చపాతీ తినిపోతిమి. ఆయప్ప గట్టుమీద మూత్రానికి పొయ్యొస్తా అని నాడా దాటె. గట్టే కదా, చేను కాదు కదా అనుకోనె. సద్దు పెద్దగా కూడా రాలేదు. నేను మోసుకోని వస్తిని, రెండు నాడాల మధ్యలోనే. దారి పొడుగునా ఆయప్ప అనింది ఒకటే మాట, లెక్కలో ఒకటి తగ్గిందిరా, నేను అప్పుడే చెప్తిని అని. పటంలో ఉన్నదానికి, తీసినదానికి ఒకటి తేడా ఉందని ముందు రోజే చెప్పినాడు, నిజం.

పూణేలో సైన్యం వాళ్ళ కృత్రిమ అవయవాల సెంటరు ఉంది, ఆడ కొయ్యకాలు పెట్టిరి. ఇంటికి వచ్చినంక ఆ కాలుతోనే సైకిలు తొక్కె, పెండ్లి చేసుకోనె, ముగ్గురు పిల్లలను చదివించె. ఇప్పుడు ఐదో కాలో ఆరో కాలో, నాకు గుర్తు లేదు. ఆయన్నడిగితే తేదీతో సహా చెప్తాడు.

ఒక చేను ఏరడం అయినంక ఒక పద్ధతి ఉండె. రైతు నమ్మల్ల గదా. మేము అంతా వరసగా చేతులు పట్టుకోని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడుస్తిమి, మల్లా వెనక్కి నడుస్తిమి. ఒక డోగ్రా ముసలాయన ఉండె, రెండు సార్లు నడిచినా చాలదనె. నా ఎద్దులు నడిచే దారిలో నడవండి, కొండ్ర కొండ్రకీ నడవండి అనె. ఎండలో అంతసేపు నడిచేదానికి మాకు కోపం వచ్చె. కానీ ఎద్దులు రెండూ అప్పు చేసి కొన్నవంట. అప్పు అన్నాడో లేదో నాకు మా నాయన కనబడె. నడుస్తిమి. ఆయన మడక కట్టినాడు. అంత భయపడినోడు సాలు మాత్రం ఎంత తిన్నగా దున్నినాడో!

మన మీటింగుల్లో ఈ మాట ఎప్పుడూ రాదు. ట్యాంకులు వస్తాయి, ఢాకా వస్తుంది. బెంగుళూరులో జె.సి. నగరులో మైసూరు గుర్రపు దండుకి స్తంభం ఉంది, 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టుకున్న దానికి. ఈటెలు పట్టుకోని గుర్రాల మీద ఫిరంగులకు ఎదురు పోయిరి, గొప్ప సంగతే, కాదనను. గుర్రం మీద ఉన్నోడు, ట్యాంకు మీద ఉన్నోడు దూరానికే కనబడతాడు, స్తంభానికి అందంగా కుదురుతాడు. బోర్లా పండుకున్నోణ్ణి యాడ నిలబెడతారు?

ఆయప్పకి దీని మీద కోపం ఉంది. ప్రతి ఏడూ మైకు పట్టుకున్నోడు ‘బసంతర్ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న వీరుడు’ అని ఆయన్ను స్టేజి మీదికి పిలుస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. చాలా ఏండ్లు ఆయప్ప ఊరికే ఉండె. పోయిన ఏడు మన బాగేపల్లిలో ఇంగ ఊరుకోలేదు. మైకు తీసుకోని తెలుగులో చెప్పేసె. నా కాలు యుద్ధంలో పోలేదయ్యా, యుద్ధం అయిపోయినంక గట్టుమీద పాయింది, మనం పెట్టిందే, ఏరేటప్పుడు లెక్క తప్పింది, ఎవరూ రాసుకోలేదు అని. ముందర కూచున్న ముసలోళ్ళంతా గమ్మునైపోయిరి. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయనది ఉత్తర కర్ణాటక, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన లేచి నిలబడి ‘భారత్ మాతా కీ’ అని గట్టిగా చప్పట్లు కొట్టె. ఇంగేముంది, అందరూ కొట్టిరి. ఆయప్ప మైకు నా చేతికిచ్చి, నువ్వు చెప్పు అనె. నేను చెప్పలేకపోతిని, అన్నానికి పిలిచిరి.

అందుకే పాపా, నీ నోటుపుస్తకం తీసుకో. నువ్వు కన్నడం బాగా రాస్తావు, రేపు నాకు మూడు నిమిషాలు ఇస్తామన్నారు. ఈసారి కన్నడంలోనే చదువుతా, ఎవరికీ అర్థం కాలేదనే సాకు ఉండకూడదు. చౌదరి సాబ్ పేరు ముందర రాయి, మహావీర చక్ర అని రాయి. ఆయినంక 1972 అని రాయి, పెద్ద అంకెల్లో, నాకు అద్దాలున్నా సరిగ్గా కనబడదు. ఆయప్ప కాలు గట్టుమీద పాయింది అని ఉన్నదున్నట్టు రాయి. ‘యుద్ధంలో’ అని రాసినావంటే ఆయప్ప రేపు నా కోటు పట్టుకుంటాడు. మడక కట్టిన ముసలాయన గురించి కూడా ఒక వాక్యం పెట్టు, కొండ్రకు కన్నడంలో ఏమంటారో మీ అమ్మనడుగు, ఆమె సిడ్లఘట్ట ఆడబిడ్డ, చెప్తుంది. నాడా గురించి వద్దులే, మూడు నిమిషాలకు పట్టదు. లేదు, అదీ రాయి. కావల్లంటే మొదట్లో ముఖ్య అతిథిగారికి చెప్పే నమస్కారాలు తీసెయ్.